హార్సుపవరు భ్రమ

గత మాసమున నొకనాటి సాయంకాలము మేము కోర్టుపని ముగించుకొని తణుకులోని మా కచ్చేరిగదికి చేరునప్పటికి అరుగుమీద నొక వడ్రంగి కూర్చుండి యుండెను. అతని ప్రక్కను గోనెపట్టాలో చుట్టిన వస్తువొకటి గలదు. పట్టా విప్పి చూపెను. జానెడు పొడవుగల లోహపు గొట్టము. ఒక కొనను ఉలి బిగించు మూతి; రెండవ కొనను తీగలు కలుపు మూతి. లోపలినుండి కాలిన వార్నీషు కంపు కొట్టుచుండెను.

“ఏమండీ ఆచారిగారూ, ఏమిటిది?” అంటిమి.

“నా కూడండి, బాబుగారూ. కాలిపోయింది,” అని యతడు తల వంచుకొనెను.

కంప్యూటరుతో నడచు చెక్కుడు మరకు ఆ గొట్టమే ప్రాణము. సింహద్వారపు టేకు పలకలమీద లక్ష్మీదేవిని, నెమళ్లను, లతలను చెక్కునది దాని లోపల తిరుగు ఇరుసే. బజారులో దీనిని స్పిండిల్ అందురు. మన భాషలో దానికి కదురు అను మంచి పేరు ముందునుండియే యున్నది. రాట్నపు కదురు చేతిబలముతో తిరుగును. ఈ కదురు విద్యుద్బలముతో నిమిషమునకు 24,000 చుట్లు తిరుగును. గోడనుండి వచ్చు కరెంటు సెకనునకు 50 ఆవర్తములు మాత్రమే చేయును. ఈ కదురునకు 400 కావలయును. ఆ 50ని 400గా మార్చి, వలసినపుడు తగ్గించి, వలసినపుడు హెచ్చించి యిచ్చు పెట్టెను డ్రైవు అందురు. కొందరు వీ.ఎఫ్.డి. యందురు, కొందరు ఇన్వర్టరందురు. ఇంటిలో కరెంటు పోయినపుడు దీపములు వెలిగించు ఇన్వర్టరు వేరు, ఇది వేరు.

ఆచారి చెప్పిన కథ యిది. మరతో వచ్చిన డ్రైవు ఒక వానరాత్రి చెడిపోయినది. అతడు పట్టణమునకు పోయి, ఒక దుకాణమున, “మూడు హార్సుపవరుదండి, ఫలానా కంపెనీది” అని పేరు చెప్పి కొనెను. ఊరి యెలక్ట్రీషియను బిగించెను. కదురును మెల్లగా త్రిప్పబోయినంతనే డ్రైవు ఆగి, కరెంటు మితిమీరినదను గుర్తుగా రెండక్షరములు చూపెను. మరల త్రిప్పిరి, మరల ఆగెను. దుకాణమునకు ఫోను చేసిరి. “చిన్నదైపోయింది, ఐదు హార్సుపవరుది తీసుకెళ్లండి. మెల్లగా తిప్పకండి, స్పీడుగానే వాడండి” అని సలహా వచ్చెను. ఐదు హార్సుపవరుది వచ్చెను. అది ఆగలేదు. నిమిషమునకు 18,000 చుట్లతో ఆ మధ్యాహ్నమెల్ల చక్కగా చెక్కెను. దీపాలవేళకు పొగ వచ్చెను. ఇపుడు దుకాణదారు కదురు పాతదనుచున్నాడు. కదురు నమ్మినవాడు డ్రైవు తప్పనుచున్నాడు. బ్యాంకువాడు వాయిదా యేదనుచున్నాడు.

మేము ఇంజనీయర్లము కాము. కాని కాలేజీలో చదివిన భౌతికశాస్త్రము పూర్తిగ మరచినవారమును కాము. ఆ రాత్రి డ్రైవుతో వచ్చిన పుస్తకమును, చీమతలకాయలంత యక్షరములతో నున్నను, ముందు పెట్టుకొని చదివితిమి. మరునాడు అనుభవముగల యొక ఫిట్టరును పిలిచి చూపితిమి. మాకు తేలినదేమన, ఆ కదురును దైవము కాల్చలేదు, పాతదనము కాల్చలేదు. హార్సుపవరు అను నొక్క మాట కాల్చినది.

పాఠకులు పలకయు బలపమును తీసికొనుడు. మోటారు వేగము తెలిసికొనుటకు 120ని ఆవర్తసంఖ్యతో గుణించి ధ్రువముల సంఖ్యచే భాగింపవలయును. రెండు ధ్రువముల కదురునకు 400 హెర్ట్జు లిచ్చిన 24,000 చుట్లు వచ్చును. ఇంతవరకు దుకాణదారునకును తెలియును. తెలియనిది, లేక తెలిసియు చెప్పనిది, రెండవ లెక్క. ఆచారి కదురు నేమ్‌ప్లేటుపై 220 వోల్టులు, 400 హెర్ట్జులు అని యున్నది. ఈ రెండును జంట యంకెలు. 400 హెర్ట్జులకు 220 వోల్టులైనచో 300 హెర్ట్జులకు 165, 200కు 110, 100కు 55. ఆవర్తము తగ్గినకొలది వోల్టు తగ్గవలయును. తగ్గనిచో మోటారులోని యినుము అయస్కాంతబలముతో నిండి పొర్లిపోవును. పొర్లినపిమ్మట త్రాగు కరెంటంతయు పని చేయక వేడియై తీగను కాల్చును.

కార్ఖానానుండి వచ్చిన డ్రైవు ఏమనుకొనును? తనకు తగిలించునది మామూలు నీళ్లమోటారనుకొనును. కావున 50 హెర్ట్జులకే నిండు వోల్టు ఇచ్చునట్లు దానిని సిద్ధము చేసి పంపుదురు. ఆచారి యెలక్ట్రీషియను అత్యధిక ఆవర్తమను గడిలో 400 అని వ్రాసెను గాని, మూల ఆవర్తమను గడిలోని 50ని అట్లే విడిచెను. కావున 100 హెర్ట్జుల వేగమున 55 వోల్టులు చాలు కదురునకు 220 వోల్టులు పోయినవి, నాలుగురెట్లు! డ్రైవు ఆగకేమి చేయును? అది చిన్నదై ఆగలేదు. ప్రమాదమని కేకవేసి ఆగినది. కుక్క మొరిగినదని దొంగను వెదకక కుక్కను మార్చినారు. పెద్ద డ్రైవుకు కంఠము పెద్దదే గాని చెవులు మందము. దానికి 17 ఆంపియర్లును ఒక లెక్క కాదు. కదురు భరించునది 8. మోటారు భరించు ఆంపియర్లెన్ని యని డ్రైవుకు చెప్పు గడి యొకటి వేరుగ నుండును; దానిని ఎవ్వరును ముట్టలేదు. 18,000 చుట్లకు, అనగా 300 హెర్ట్జులకు, 165 బదులు 220 వోల్టులు మధ్యాహ్నమెల్ల పోయినవి. ఒక్కసారిగా పేల్చునంత హెచ్చు కాదు, చల్లగా నుండనిచ్చునంత తక్కువ కాదు. నిప్పుకుంపటిమీద పాలు పెట్టి మరచినట్లైనది.

రెండు గడులలో రెండంకెలు మార్చియున్న నిది జరిగెడిది కాదు. 3 హార్సుపవరు డ్రైవే చాలెడిది.

ఇందుచేత మేము చెప్పుచున్నదేమన, వేగముగల కదురునకు డ్రైవు నెన్నుకొనుటలో హార్సుపవరు అనునది చివరకు చూడవలసిన యంకె. మొదట నేమ్‌ప్లేటు చూడుడు: వోల్టెంత, ఏ ఆవర్తమునకు ఆ వోల్టు, నిండుబరువున ఆంపియర్లెన్ని, వేగమెంత. ఈ నాలుగును లేకుండ దుకాణపు మెట్టెక్కుట, జాతకము లేకుండ ముహూర్తమడుగుట వంటిది. డ్రైవు పెట్టెపైనను హార్సుపవరు పెద్దయక్షరములతో నుండును, ఆంపియర్లు చిన్నయక్షరములతో నుండును. చిన్నయక్షరములే చదువుడు. దస్తావేజులు చదువు వృత్తిలో నున్న మాకు ఈ మర్మము బాగుగ తెలియును.

హార్సుపవరు మాట యింకొక విధమునను మోసపుచ్చును. 3 హార్సుపవరనగా సుమారు 2.2 కిలోవాట్లు. నిమిషమునకు 1,440 చుట్లు తిరుగు మామూలు మోటారు 2.2 కిలోవాట్లిచ్చునపుడు దాని యిరుసున సుమారు 14.6 న్యూటన్ మీటర్ల త్రిప్పుబలముండును. అదే 2.2 కిలోవాట్ల కదురు 24,000 చుట్లతో తిరుగునపుడు త్రిప్పుబలము 0.9కైనను చేరదు. పేరొక్కటే, బలము ఇంచుమించు పదునేడవవంతు. అంతేకాదు. ఆ కదురును 6,000 చుట్లకు దింపినచో త్రిప్పుబలము పెరుగదు. సామర్థ్యము మాత్రము నాలుగవవంతునకు, అనగా ముప్పాతిక హార్సుపవరునకు దిగిపోవును. “మూడు హార్సుపవరు మర యుండగా ఈ లావు ఉలి యేల తిరుగదు?” అని తలుపుల పనివారు తలలు పట్టుకొనుట కిదియే కారణము.

ఇచట లేతుల యజమానులకు ఒక మాట. సికిందరాబాదున 1943లో ప్రాగా టూల్సు వెలసెను. బెంగుళూరున 1953లో హిందుస్థాన్ మెషీన్ టూల్సు స్విట్జర్లాండువారి తోడ్పాటుతో మొదలయ్యెను. ఆ తరమువారు నిర్మించిన మరలలో వేగమును తగ్గించునది పళ్లచక్రముల పెట్టె. పళ్లచక్రము వేగమును నాలుగవవంతునకు తగ్గించినపుడు త్రిప్పుబలమును ఇంచుమించు నాలుగురెట్లు చేయును. డ్రైవు అట్లు చేయదు. వేగమును తగ్గించును, బలమును ఉన్నచోటనే ఉంచును. ఈ భేదము తెలియక, “గేర్ల చప్పుడెందుకు, డ్రైవు పెట్టిన చాలు” నను సలహాను నమ్మి పళ్లచక్రములను ఊడదీసి పాతయినుములో వేయువారున్నారు. లావు కడ్డీని మెల్లగా తురుమవలసినపుడు ఇరుసు నిలిచిపోవును. అపుడు మరల పెద్ద మోటారు, మరల పెద్ద డ్రైవు. తాతలు పోసిన గట్టును త్రవ్వి, నీరు నిలువలేదని కాలువమీద నేరము మోపుట యెట్టిదో యిదియు నట్టిదే. పళ్లచక్రములను ఉంచుడు, డ్రైవును వానికి తోడు చేయుడు. నడిమి వేగములను సన్నసన్నగ దిద్దుకొనుటకు డ్రైవును మించినది లేదు.

ఇక చట్టము. ఇది మా సొంత పొలము గనుక కొంచెము నిలిచి దున్నుదుము.

1930 నాటి వస్తువిక్రయ చట్టము 16వ సెక్షను కొనువానికొక రక్షణ నిచ్చినది. కొనువాడు తన ప్రయోజనమును అమ్మువానికి తెలియజేసి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నపుడు, అట్టి సరుకు నమ్ముట ఆతని వ్యాపారమైయున్నచో, ఆ సరుకు ఆ ప్రయోజనమునకు తగియుండవలయునను షరతు నోటితో ననకున్నను ఉన్నట్లే లెక్క. ఎంత ధర్మమైన మాట! కాని ఆ వెంటనే యొక మినహాయింపు. వ్యాపారనామము చెప్పి ఫలానా వస్తువే కావలయునని కొన్నచో ఆ షరతు లేదు. కోర్టులు ఈ మినహాయింపును ఇరుకుగా చదివిన సందర్భములు లేకపోలేదు. అయినను ఇరుకుదారిలో నడచుట యెవరికి కావలయును? “ఫలానా కంపెనీది మూడు హార్సుపవరుది” అని యడిగిననాడే ఆచారి తన కవచమును తానే విప్పి దుకాణదారు బల్లపై పెట్టెను. మనవారికి కంపెనీ పేరు చెప్పుట గొప్ప, ప్రయోజనము చెప్పుట నామోషీ!

అడుగవలసిన విధ మిది. “నా కదురు 220 వోల్టులు, 400 హెర్ట్జులు, 8 ఆంపియర్లు, రెండు ధ్రువములు. టేకు చెక్కుదును. ఇంటికి ఒక్క ఫేజు కరెంటే యున్నది. దీనికి తగిన డ్రైవు నీయుడు.” ఈ నాలుగు వాక్యములు కాగితముపైనో, ఫోను సందేశములోనో వ్రాసి పంపుడు, జవాబు వ్రాతలో పుచ్చుకొనుడు, బిల్లుపై ఆ వివరము వేయించుడు. ఐదు హార్సుపవరు డ్రైవును దుకాణదారే నిర్ణయించి యిచ్చెను గదా, అచట ఆతని నేర్పును నమ్మినట్లే గదా యని మేము వాదింపవచ్చును, వాదింతుము. కాని సాక్ష్యమేది? ఫోనులో ననిన మాట గాలిలో కలిసినది.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునుగూర్చియు నొక భ్రమ వ్యాపించియున్నది. వ్యాపారమునకు కొన్న వస్తువునకు ఆ చట్టము వర్తించదనుట నిజమే. కాని స్వయము ఉపాధిచే జీవనోపాధికొరకు మాత్రమే కొని తానే వాడుకొనువానిని ఆ చట్టము వ్యాపారి యనదు, వినియోగదారుడే యనును. తానే మర నడుపుకొను వడ్రంగికి, తానే లేతుమీద నిలుచు మిస్త్రీకి ఈ తలుపు తెరచియున్నది. తాను నివసించు చోటి కమిషను నెదుటనే ఫిర్యాదు చేయవచ్చును, రెండేండ్లలోపల చేయవలయును. సరియైన వాడుకవిధానము చెప్పకపోవుటవలన మనిషికి గాయమైనను, వేరు ఆస్తికి నష్టమైనను తయారుదారును బాధ్యుని చేయు అధ్యాయమును ఆ చట్టములో నున్నది. అయితే చెడిన వస్తువు తాలూకు నష్టము ఆ అధ్యాయమున రాదు, లోపభూయిష్ట వస్తువను వేరు దారిన అడుగవలయును. ఈ సందుగొందులు తెలియకయే పలువురు హక్కు వదలుకొనుచున్నారు.

ఇంతవరకు చదివి కొందరు దేశాభిమానులు మమ్మడుగవచ్చును: “కదుళ్లును, డ్రైవులును పరదేశీయుల చేతిలో నుండగా పేదవడ్రంగి నడిగి లాభమేమి? మనలను ఎదుగనీయకుండ వారు పన్నిన కుట్రను చూడరా?” చూచుచున్నాము. అట్టి గీత యొకటి నిజముగనే యున్నది; దానిని దాచుట మా యభిమతము కాదు.

1974లో మన దేశము పోఖ్రానున అణుపరీక్ష చేసినపిమ్మట అణుసామగ్రి నమ్ము దేశములు ఒక కూటమి కట్టినవి. మామూలు పరిశ్రమకును, అణుకార్యమునకును పనికివచ్చు వస్తువుల పట్టికనొకదానిని 1992లో ఆ కూటమి ప్రకటించినది. అందులో, నియతమైన కొన్ని లక్షణములు గలిగి 600 హెర్ట్జులు, అంతకు మించి ఇచ్చు డ్రైవులును చేరినవి. యురేనియమును శుద్ధిచేయు గిరగిర తిరుగు గొట్టములకును అట్టి డ్రైవే కావలయును గనుక. కావున పేరుమోసిన కంపెనీలు పెక్కు తమ మామూలు డ్రైవులను 599 యొద్దనో 590 యొద్దనో ఆపి అమ్ముచున్నవి. లోపలి యంత్రము అంతకు మించి యీయగలిగినను సాఫ్టువేరు సంకెల వేసియుండును. రెండు ధ్రువముల కదురునకు 600 హెర్ట్జులనగా 36,000 చుట్లు. నాలుగు ధ్రువములదైన 18,000 మాత్రమే. ఎలక్ట్రానిక్సు పలకలకు వెండ్రుకవాసి రంధ్రములు వేయు మరల కదుళ్లు లక్ష చుట్లు దాటి తిరుగును. వానికి ఈ గీత గోడయే. ఆ కూటమిలో మన దేశమునకు ఇంకను సభ్యత్వము లేదు.

గోడలను తణుకువారు చూడనివారు కారు. రష్యావారితో 1991లో కుదిరిన క్రయోజెనిక్ ఇంజనుల ఒడంబడిక అమెరికా ఆంక్షలవలన చెడి, ఆ విద్య మనకు దక్కకపోయినపుడు, మనవారు రెండు దశాబ్దములు శ్రమించి 2014 జనవరి 5వ తేదీన స్వదేశపు ఇంజనుతో రాకెట్టును విజయవంతముగ నెగిరించిరి. ఆ రాకెట్టులలో వేరు దశలకు కావలసిన ద్రవ ఇంధనమును మన యీ తణుకులోనే, ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాదుగారు 1947లో స్థాపించిన ఆంధ్రా షుగర్సువారు తయారుచేసిరి. చెరకు గానుగనుండి రాకెట్టు ఇంధనము వరకు నడచిన యూరిది. సంకెలనుగూర్చి మన కెవ్వరును పాఠము చెప్పనక్కరలేదు.

కాని, సోదరులారా, ఆచారి కదురు 400 హెర్ట్జులది! 600 గీతకు అది ఆమడదూరమున నున్నది. దానిని ఏ కూటమియు నిషేధింపలేదు. ఆ రెండు గడులను ఏ పరదేశియు మూసిపెట్టలేదు. పుస్తకములో నున్నది, చదువలేదు. మన యజాగ్రత్తను పరదేశపు కుట్రక్రింద జమకట్టుకొనుట మాకు సమ్మతము కాదు. నిజమైన గోడతో పోరాడువారు కొందరుందురు, ఉండవలయును. తెరచిన తలుపునకు తల కొట్టుకొని గోడను నిందించువారు అధికముగ నున్నారు.

ఇక పెట్టెపై స్వదేశి చీటీ యంటించి అమ్ము వారి మాట. చీటీని మేము గౌరవింతుము. కాని లోపలి మీటల చిప్పలు విదేశమున చేయబడి, పుస్తకము పరభాషలో నుండి, గడులకు రహస్యసంకేతము వేసి, “మా మనిషి వచ్చి తెరువవలయును, రుసుము చెల్లింపుడు” అని యనిన, ఆ వస్తువు ఏ దేశపుదైన మనకేమి? తన మరలోని యంకెలను తాను చదివి తాను మార్చుకొనగలవాడు, విదేశపు డ్రైవును వాడినను స్వతంత్రుడే. మేము అమ్మకందారులను మూడు సంగతులు కోరుచున్నాము. రహస్యసంకేతమును కొన్నవానికి బిల్లుతోపాటు ఇచ్చివేయుడు. పెట్టినయంకెల పట్టికను కాగితముపై వ్రాసి యిండు. కనీసము ఒక్క పుట తెలుగున నచ్చువేయింపుడు. వేల రూపాయల వస్తువుతో ఒక పుట తెలుగు ఈయజాలని వర్తకుడు తన వినియోగదారుని చదువరి యని తలచుట లేదన్నమాట.

కొనువారికిని మిగిలిన కొన్ని సంగతులు చెప్పవలసియున్నవి. ఇవి మా ఫిట్టరు మిత్రుడు వ్రేళ్లమీద లెక్కించి చెప్పినవి. ఒక్క ఫేజు మాత్రమే యున్నచోట మూడు ఫేజుల కరెంటు పుచ్చుకొను డ్రైవును పెట్టదలచిన, సుమారు రెట్టింపు ఆంపియర్లది కావలయును. ఒక్క ఫేజుకొరకే చేసినది కొనుట మేలు. 220 వోల్టుల కదురును 415 వోల్టుల డ్రైవుకు తగిలించి, గడిలో 220 అని వ్రాసితిమిగదా యని ధైర్యపడరాదు. సగటు 220 అయినను, డ్రైవు లోపల 587 వోల్టుల వరకు నిలువయుండి, ఆ యెత్తు దెబ్బలే తీగపై పడుచుండును. 230 వోల్టుల డ్రైవులో ఆ యెత్తు 325 మాత్రమే. డ్రైవు కరెంటును ముక్కలుగ కోసి యిచ్చును. 400 హెర్ట్జుల కదురునకు సెకనునకు 4,000 కోతలకు తగ్గరాదు, 8,000 మేలు. కాని కోతలు హెచ్చినకొలది డ్రైవు వేడెక్కి ఆంపియర్లు తగ్గును. ఎంత తగ్గునో పుస్తకములో పట్టిక యుండును. అది రోహిణీకార్తెలో మన డెల్టా రేకులషెడ్డున నిలిపిన డ్రైవు అని పట్టిక వ్రాసినవానికి తెలియదు! చాల డ్రైవులు 40 లేక 50 డిగ్రీల వరకే నిండుబరువు మోయును. మూసిన పెట్టె లోపలి వేడిమి వెలుపలికంటె ఎక్కువ. రంపపుపొట్టు రాకుండ మూయవలయును, గాలి యాడవలయును. జల్లెడగుడ్డ కట్టిన ఫ్యానుతో ఈ రెంటికిని సంధి చేయుదురు.

డ్రైవునకును కదురునకును నడుమ స్టార్టరు పెట్టి, తిరుగుచుండగా దానిని తెగవేయువారు డ్రైవును చంపుచున్నారు. కవచము గల తీగ వాడుడు, పొట్టిగ నుంచుడు. వేగముగ ఆపదలచిన బ్రేకు రెసిస్టరు కావలయును. లేనిచో తిరుగుచున్న కదురు బలము వెనుకకు పొంగి డ్రైవు ఆగిపోవును, కదురు మాత్రము తిరుగుచునే యుండును. ఆగినదనుకొని చేయి పెట్టినవారి వ్రేళ్లు మా కోర్టులో కాగితములై చూచితిమి. కరెంటు తీసినను డ్రైవు లోపల కొన్ని నిమిషములు ప్రాణాంతకమైన నిలువ యుండును. మూతపై వ్రాసిన కాలమంతయు వేచియుండుడు.

వెక్టారు, ఎన్‌కోడరు అని పెద్ద పేర్లు చెప్పి రెట్టింపు ధర లాగువారును కలరు. లేతుమీద మరలు కోయుటకు, కదురును లెక్కించిన కోణమున నిలుపుటకు అవి యవసరమే. తలుపు చెక్కు కదురునకు వోల్టును ఆవర్తమును జంటగ నడుపు సామాన్య విధానము చాలును. అక్కరలేని విద్యకు కట్టు రూకలతో మంచి తీగ, మంచి ఫ్యాను కొనవచ్చును. అయస్కాంతములు పొదిగిన కదురైన మాత్రము దానికి తగిన డ్రైవే కావలయునని ముందే యడుగవలయును.

ఆచారి కదురు తీగ చుట్టించుటకు పోయినది. దుకాణమునకు నోటీసు పంపితిమి. పదునైదు దినముల గడువిచ్చితిమి. ఇంతలో అతడు మర పెట్టె తలుపు లోపలివైపున తెల్లరంగుతో 220, 400, 8, 24,000 అని నాలుగంకెలు వ్రాసికొని, వాని క్రింద తేదీ వేసికొనెను.

కదుళ్ల మరలు గలవారు, క్రొత్తగ కొనదలచినవారు ఎవరైనను ఆదివారము ఉదయము పఠనమందిరమునకు రండు. నేమ్‌ప్లేటు ఫోటో యొకటియు, డ్రైవు పుస్తకమును తెండు. మేమును, ఫిట్టరును ఉందుము. కూర్చుండి లెక్కకట్టి, అడుగవలసిన నాలుగు వాక్యములు వ్రాసి యిత్తుము. రుసుము లేదు. కండ్లజోడు వాడువారు మరువక తెచ్చుకొనుడు. అక్షరములు నిజముగనే చిన్నవి.